వరసకు పెద్ద, వయసుకు చిన్న

రండమ్మా, ఇంకా దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకోండి, ఫోన్లు బోర్లా పెట్టండి. పెళ్లి సంబంధాలు కుదిర్చే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు మీరు. ఆ పని చాలించుకుని ఇంటిపట్టున కూర్చున్నదాన్ని నేను. మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనంటున్నాయి గానీ జ్ఞాపకం మాత్రం ఇంకా చెంగుచెంగున దూకుతోంది. చదివింది ఐదో తరగతి. ఈ రాత నాదే, కొమ్ములూ దీర్ఘాలూ మా కోడలు సరిచేసింది. మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

నా పేరు నారాయణమ్మ, మాది ధర్మవరం. పట్టుచీరలు మూట కట్టుకుని సోమందేపల్లె, కుందుర్పి, గుమ్మఘట్ట వైపు ఇల్లిల్లూ తిరిగి అమ్మేదాన్ని. మొదటి చీర మడత విప్పగానే "రంగు బాగుండాది" అనేవాళ్లు. రెండో చీర విప్పేలోగా "మా పిల్లకు యాడన్నా సంబంధం ఉంటే చూడు నారాయణమ్మా" అనేవాళ్లు. అలా ఒక మూట నెత్తిన, ఇంకో మూట నోట్లో పెట్టుకుని తిరిగాను. చీరల మూట ముందే దించేశాను. సంబంధాల మూట దించడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఎన్ని పెళ్లిళ్లు కుదిర్చానో, ఎవరు నాకు ఏం పెట్టారో చెప్పను. మొగుడూ పెళ్లాల వయసు తేడా గురించి, అది మనసును ఏం చేస్తుందో దాని గురించి చెబుతాను. ఈ పనిలో జనం ఎక్కువ అబద్ధాలాడేదీ, తక్కువ ఆలోచించేదీ అక్కడే.

వానను అడిగితే వయసు తెలుస్తుంది

నాకు ఈ పని నేర్పింది గంగవ్వ. మనిషి పొట్టి, గొంతు మాత్రం పక్క వీధిలో వినబడేది. ఎవరినీ "వయసెంత?" అని అడగనిచ్చేది కాదు. "వయసు అడిగితే నోరు అబద్ధం చెప్తాది. వానను అడుగు" అనేది. మా నేల మీద వానలు పడిన ఏళ్లు తక్కువ కాబట్టి అవి ఎవరూ మరిచిపోరు. బిడ్డ పుట్టిన ఏడు చెరువు నిండిందా, ఎండిందా, వేరుశనగ ఇంటికొచ్చిందా, చేలోనే పోయిందా అని మాటల్లో పెట్టి లాగితే తల్లులు తెలియకుండానే నిజం చెప్పేస్తారు.

ఒకసారి పక్కపక్క ఊళ్ల సంబంధం. పిల్లవాడికి ఇరవై ఏడు, పిల్లకు ఇరవై నాలుగు అన్నారు. రెండు వైపులవాళ్లూ నోటికి వచ్చినంత తగ్గించారని నాకు అనుమానమే. నిశ్చితార్థం భోజనాల దగ్గర ఇద్దరు తల్లులూ కబుర్లలో పడ్డారు.

"మావోడు పుట్టిన ఏడే గదమ్మా చెరువు మరవ పోయింది. నేను బాలింతను, చూసేకి పోలేకపోతి" అంది పిల్లవాడి తల్లి. చెరువు నిండి నీళ్లు పొర్లిపోవడాన్ని మా వైపు మరవ పోవడం అంటాం.

"అయ్యో, ఎంత చూడముచ్చటగా ఉండిందనుకున్యావు! నేను మా పాప చెయ్యి పట్టుకోని నడిపిచ్చుకుంటా పోయి చూపిస్తి" అంది పిల్ల తల్లి.

విస్తళ్ల ముందు చేతులన్నీ ఆగిపోయాయి. ఆ ఏడు చంటిబిడ్డ పెళ్లికొడుకు, నడిచే బిడ్డ పెళ్లికూతురు. గంగవ్వ నా తొడ మీద గిల్లింది. పెళ్లికొడుకు మాత్రం అప్పడం నములుతూ, "అయితే ఇంగ నేను ఈమెను అక్కా అనల్లనా?" అన్నాడు.

"అనప్పా, రాఖీ కట్టి పంపిస్తా" అంది పెళ్లికూతురు.

నవ్వులు పందిరి దాటాయి. ఆ నవ్వే ఆ పెళ్లిని నిలబెట్టింది. ఇప్పటికీ సోమందేపల్లెలో ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల ఏడాదో రెండేళ్లో పెద్దదైతే కొంపేమీ మునగదు. ఊరు వేళాకోళం చేసేలోగా వాళ్లే ముందు నవ్వుకున్నారు చూడండి, అది తెలివి.

గంగవ్వకు నేను చాలా రుణపడ్డాను. అయినా ఆమె చెప్పిన ఒక్క మాట మాత్రం మీరు పట్టుకోవద్దు. "మొగోనికి వయసేందే? పని చేస్తాడా ల్యాదా చూడు. ఆడపిల్ల యాడున్నా సర్దుకుంటాది" అనేది. సర్దుకుంటుందన్న మాట నోటికి రాగానే మనం అడగాల్సినవి అడగడం మానేస్తాం. సుబ్బరాయుడి సంసారంలో అది నాకు బాగా తెలిసింది.

సుబ్బరాయుడు, హేమ

సుబ్బరాయుడు మా ధర్మవరం నేతగాడు. చెల్లెళ్ల పెళ్లిళ్లు, తమ్ముడి పెళ్లి అయ్యేదాకా మగ్గం దిగలేదు. దిగి చూసుకుంటే నలభై దగ్గర పడింది. ఇప్పుడు మా నేత ఇళ్లల్లో అలాంటివాళ్లు చాలామంది. చదువుకున్న పిల్లలు మగ్గం ఇంటికి రామంటున్నారు, తప్పేమీ లేదు. హేమది సోమందేపల్లె, వాళ్లదీ నేత ఇల్లే. ఆమెకు అప్పటికి పాతికలోపు. తేడా పదిహేనేళ్ల దాకా ఉందని రెండు వైపులా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల అతనితో మాట్లాడి, "మంచోని మాదిరి ఉండాడు. చేసుకుంటా" అంది. ఎవరూ బలవంతం చేయలేదు. పెళ్లి చక్కగా జరిగింది.

ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం సుబ్బరాయుడు మా ఇంటికి వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అవ్వా, ఆదివారం మా మామ వస్తాండాడు. హేమను తీసకపోతాడంట. పంపిచ్చేదే మంచిదేమో" అన్నాడు.

"కొట్టినావా?"

"అయ్యో! గట్టిగా గూడా మాట్లాడలే."

"తాగినావా?"

"నాకు ఆ వాసనే పడదు గదవ్వా."

"మరేం చేసినావప్పా?"

"అదే తెలీకుండా ఉండాది. అన్నం తినదు, నిద్రపోదు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్తాది. మా అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టిచ్చింది. వీధి వీధంతా వయసు తేడా వయసు తేడా అంటాండారు. నిజమేనేమో. ముసలోన్ని, ఆ పిల్ల బతుకులోకి దూరినా."

మర్యాద చేసిన పని

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి పోయి, మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చున్నాను. ఈ పనిలో నేను నేర్చుకున్న గొప్ప విద్య అదే, ఊరికే కూర్చోవడం.

పక్కింటి అరుగు మీద ఆ వీధి కోడళ్లు చేరి, రాట్నాల మీద పట్టుదారం కండెలకు చుట్టుకుంటూ పకపకా నవ్వుతున్నారు. ఎవరి మొగుడో పెట్టిన గురకకు వాళ్ల అత్త, మగ్గం ఆడుతోందనుకుని లేచి వచ్చిందట. అది చెబుతున్నది మంజుల, సుబ్బరాయుడి అక్క కోడలు. హేమ ఈడుదే. వీధి మొత్తానికి పెద్ద నోరు.

అంతలో హేమ నీళ్ల బిందెతో వచ్చింది. నవ్వు టక్కున ఆగిపోయింది. మంజుల లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"రా అత్తా, కూకో."

తక్కినవాళ్లూ లేచారు. "పెద్దమ్మా, బిందె ఇట్లియ్యి, నేను తెస్తా" అంది ఒకామె. ఆమె హేమ కంటే పెద్దది!

"వద్దులేమ్మా" అని హేమ తల వంచుకుని లోపలికి పోయింది. ఆమె గడప దాటగానే నవ్వు మళ్లీ మొదలైంది.

ఎవరూ ఆ పిల్లను తిట్టలేదు, వెలివేయలేదు. మర్యాద చేశారు, అంతే. సుబ్బరాయుడు ఆ కుటుంబంలో మగపిల్లల్లో పెద్దవాడు కాబట్టి అతని భార్య కొందరికి అత్త, కొందరికి పెద్దమ్మ. ముప్పై దాటిన తోడికోడలు కూడా ఆమెను అక్కా అనాలి. అత్త ముందు ఎవరు పరాచికాలాడతారు? మొగుడి మీద చాడీలు ఎవరు చెబుతారు? పోనీ వరసకు సమానమైన పెద్దవాళ్ల దగ్గర కూర్చుందామా అంటే, వాళ్లంతా యాభై దాటినవాళ్లు. "చిన్నపిల్లవు, నీకేం తెల్సు పో" అంటారు. వరసకు పెద్ద, వయసుకు చిన్న. ఏ అరుగు మీదా ఆమెకు చోటు లేదు.

పెరట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంటే పోయి పక్కన కూర్చున్నాను.

"ఏమ్మే హేమా" అన్నాను.

ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. కళ్లు నిండిపోయాయి.

"మిరపకాయ తగిలిందా?"

"ల్యాదవ్వా. పేరు పెట్టి పిలిస్తివి. ఈడికొచ్చినాక ఎవురూ పిలవలే. ఆయన గూడా 'ఇదో' అంటాడు."

కాసేపు ఏడవనిచ్చాను. తర్వాత సూటిగా అడిగాను, "చచ్చిపోవల్లని అనిపిస్తాదా తల్లీ?" అని.

"అట్ల గాదవ్వా. పొద్దున లేయకుండా అట్లే ఉండిపోతే బాగుండు అనిపిస్తాది."

మీరూ అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి. అడిగినందుకు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. అది విన్నాక తాయెత్తులతో, నా కబుర్లతో సరిపెట్టే సంగతి కాదని అర్థమైంది. సుబ్బరాయుడిని పిలిచి, ఆమెను ఒంటరిగా వదలొద్దని, పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకు చూపించాలని చెప్పాను.

అతని తల్లి ఒంటికాలి మీద లేచింది. "పిచ్చి డాక్టరు కాడికా? వీధిలో తలెత్తుకోని తిరగల్లా వద్దా మేము?"

"నువ్వు మోకాళ్ల డాక్టరు కాడికి పోతివి గదా వదినా, నిన్ను ఎవురన్నా కుంటిదన్న్యారా?" అన్నాను. ఆమె మూతి ముడుచుకుంది గానీ కాదనలేదు.

ఆదివారం హేమ తండ్రి రానే వచ్చాడు. "నలబై ఏండ్ల మనిషికిచ్చి నా బిడ్డ గొంతు కోసినా. బట్టలు సర్దుకోమ్మా" అన్నాడు వాకిట్లోనే. అందరూ అతనికి చెబుతున్నారు, అతను అందరికీ చెబుతున్నాడు. ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగరు. నేనే అడిగించాను.

"కొన్నాళ్లు చూస్తా నాయనా" అంది హేమ మెల్లగా.

"వినాయక చవితి దాకా. అప్పుడు గూడా నా బిడ్డ ఇట్లే ఉంటే బండెక్కిచ్చుకోని పోతా. మళ్ల పంపిచ్చను. ఎవురూ అడ్డం రాకూడదు" అన్నాడు. న్యాయమే అనిపించింది. చవితికి ఇంకా నాలుగైదు నెలలున్నాయి.

డాక్టరమ్మ ఇద్దరినీ అడిగింది

డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడింది. హేమతో ఒక్కదానితోనే చాలాసేపు కూర్చుంది. తర్వాత సుబ్బరాయుడిని లోపలికి పిలిచి, "మీకు నిద్ర పడుతోందా?" అని అడిగింది. తోడుగా నేనూ ఉన్నాను.

"నాదేముందమ్మా, ఆమెను చూడండి."

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"పడదమ్మా. నాకు అరవై వచ్చేటప్పటికి ఈమె ఇంకా వయసులో ఉంటాది గదా అని లెక్కేసుకుంటా పండుకుంటా. ఎవుడన్నా కుర్రోడు ఈమెతో నవ్వి మాట్లాడితే లోపల సూది గుచ్చినట్లయితాది. ఆమె మింద అనుమానం ల్యాదమ్మా. గుచ్చుకున్నందుకు నా మింద నాకే సిగ్గు."

ఒక్క గుండెలో బెంగ అనుకుని పోయాం, రెండు గుండెల్లో బయటపడింది. హేమది మనసుకు వచ్చే జబ్బేనని, మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో మీ అంతట మీరు మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరినీ మళ్లీ మళ్లీ వచ్చి మాట్లాడి పొమ్మంది. ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడమంది.

బయటికి రాగానే సుబ్బరాయుడు, "ఏం మాట్లాడల్ల అవ్వా?" అన్నాడు, అదొక పరీక్ష అన్నట్టు. అంచు వేరే రంగులో వచ్చే చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకరు నేస్తే, ఒకరు పక్కన కూర్చుని అంచు దారం మోసే నాడెను విసరాలి. ఈ మొగుడూ పెళ్లాలు పొద్దుగూకులూ భుజం భుజం ఆనించి కూర్చుని, నోరు విప్పకుండా నేసేవాళ్లు!

"ముందు పేరు పెట్టి పిలువప్పా. తక్కిందంతా అదే వస్తాది" అన్నాను.

నా వసారాలో వరసలు చెల్లవు

మందు డాక్టరమ్మ ఇచ్చింది. జత నేను వెతికాను. మంజులను, ఆ వీధి కోడళ్లను పిలిచి, రోజూ మధ్యాహ్నం రాట్నాలు మా వసారాలోకి తెచ్చుకోమన్నాను. ఒకటే షరతు పెట్టాను. నా గడప లోపల అత్తల్లేరు, పెద్దమ్మల్లేరు. ఎవరి పేరు వాళ్లది.

"అత్తను పేరు పెట్టి పిలిస్తే మా అత్త నా నాలికకు వాత పెడ్తాదవ్వా" అంది మంజుల.

"పెడితే నా నాలిక చూపిచ్చు."

మొదటి రోజు మంజుల "హే... హే..." అని తడబడి చివరికి "హేమత్తా" అంది. అందరూ నవ్వారు. హేమ నవ్వలేదు. కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. మధ్యలో కాస్త తేరుకోగానే అత్త మందు చాలించమంది. సుబ్బరాయుడు మొదటిసారి తల్లికి ఎదురు చెప్పాడు. ఇలాంటివి తిన్నగా బాగుపడవు, ఓపిక పట్టాలి.

ఒక మధ్యాహ్నం మంజుల దారం చిక్కు పడింది. చిరాకులో తల ఎత్తకుండానే, "ఏమే హేమా, కత్తెర ఇట్లియ్యే!" అని అరిచింది.

"కత్తెర నీ తొడ కిందే ఉండాది గదే గుడ్డిదానా" అంది హేమ.

మంజుల తొడ ఎత్తి చూసుకుంది. నిజంగానే ఉంది! ఇక ఆ రోజు కండెలు ఎవరు చుట్టారు? నవ్వడమే సరిపోయింది.

మగ్గం దగ్గర కూడా మాటలు మొదలయ్యాయని నాకు కబురు అందింది. ఎలాగంటే, సుబ్బరాయుడి జుట్టు రంగు వల్ల. పెళ్లప్పటి నుంచీ దొంగచాటుగా పూసుకునేవాడు. ఒకరోజు చెమటకు అది చెవి మీదికి కారింది.

"చెవులకు గూడా తెల్లెంటికలు వచ్చినాయా నీకు?" అందట హేమ.

సిగ్గుతో చచ్చినంత పనై, "మానేస్తే ముసలోడంటారు హేమా" అన్నాడట.

"అననీలే. పూసుకునేదుంటే నేను పూస్తా. నీకు చేతగాదు" అందట. ఇది నాకు చెప్పింది సుబ్బరాయుడే, లాటరీ తగిలినవాడి మొహంతో.

ఏం అడగాలి

పెళ్లికి పద్దెనిమిది నిండని పిల్ల సంగతి నా దగ్గర ఎత్తవద్దు, మీరూ ఎత్తనివ్వద్దు. నాలుగైదేళ్ల తేడా ఎవరికీ గుర్తు కూడా ఉండదు. పదేళ్లు దాటితే మాత్రం వయసు అడిగి ఊరుకోకండి. ఆ పిల్ల ఎవరికి ఏమవుతుందో అడగండి. ఆ ఇంట్లో, ఆ వీధిలో ఆమెతో ఒసే అని మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటారా చూడండి. లేకపోతే ఆ సంగతి పెళ్లికి ముందే మగవాడి చెవిన వేయండి. అతన్ని కూడా అడగండి, "నీకేం భయం?" అని. పెద్దవయసు పెళ్లికొడుకును ఆ మాట ఎవరూ అడగరు. ఇంత చేసినా ఇద్దరికీ కుదరక విడిపోతే, విడిపోనివ్వండి. కుదిర్చినదాన్నని పట్టుబట్టకండి. పెళ్లి నిలబడటం కంటే మనిషి నిలబడటం ముఖ్యం.

చవితి ముందు రోజు

అన్న మాట ప్రకారం హేమ తండ్రి బండి కట్టించుకుని వచ్చాడు. వీధి పెద్దలు చాపల మీద కూర్చున్నారు. నన్నూ పిలిచారు. హేమ తింటోంది, నిద్రపోతోంది గానీ, తండ్రిని చూడగానే మళ్లీ ముడుచుకుపోయి గోడకు ఆనుకుంది.

"నా బిడ్డ మొగంలో నాకు మార్పేం కనపడల్యా. వయసుకు తగ్గోన్ని చూడకుండా ఇచ్చింది నా తప్పే. బయలుదేరమ్మా" అన్నాడు తండ్రి.

సుబ్బరాయుడు లేచాడు. "హేమా, నీ ఇష్టం. నువ్వు పోతానంటే నేనే బండి కాడికి వచ్చి పంపిస్తా. ఉంటానంటే..." అని మళ్లీ చాప మీద కూర్చున్నాడు.

పెద్దలు గొంతులు సవరించుకున్నారు. హేమ నేల చూస్తోంది. సరిగ్గా అప్పుడు, లోపల పంచాయితీ జరుగుతోందని తెలియక, వీధిలోంచి ఒక గొంతు గోడలు అదిరేలా వచ్చింది.

"ఏమే హేమా! వస్తావా రావా? నీ రాట్నం గూడా నేనే మోయల్లనా, మహారాణీ?"

వెంటనే మంజుల గుమ్మంలో నిలబడింది, రెండు చంకల్లో రెండు రాట్నాలతో. లోపల ఇంతమందిని చూసి నాలుక కరుచుకుంది.

హేమ అత్త లేచింది. "ఏమే! పెద్దా చిన్నా ల్యాదా? అత్తను పట్టుకోని ఏమే అంటావా?"

జవాబు హేమ నోటనుంచి వచ్చింది, అదీ వీధి చివరికి వినబడేలా.

"ఎందుకే అట్ల అరుస్తావు, చెవిటిదాన్నా నేను? వస్తాండా!"

అంటూనే తన గొంతుకు తానే ఉలిక్కిపడి, పెద్దలందరినీ ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. గుమ్మంలో మంజులకూ ఆగలేదు.

తండ్రి కూతురి వైపే చూస్తున్నాడు. "ఇది నా బిడ్డ గొంతే. ఇన్నాళ్లు యాడికి పోయిండెనో" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు, "ఎవురమ్మా ఆ పిల్ల?"

మొగుడి అక్క కోడలనో, తనను అత్తా అనాలనో హేమ చెప్పలేదు. "నా జతగత్తె నాయనా" అంది. "దీపావళికి ఈయనా నేనూ కలిసి వస్తాం. ఈ పొద్దు పని ఉండాది. నువ్వు అన్నం తినకుండా పోతే మాత్రం ఊరుకోను."

అని, మంజుల చంకలోంచి తన రాట్నం లాక్కుని వీధిలోకి దిగింది. తండ్రి లేచి గుమ్మంలోకి వచ్చి, బయట ఉన్న బండివాడికి కేకేశాడు, "ఏమప్పా, బండి నీడకు పెట్టు. భోంచేసి మనమిద్దరమే పోదాం."

అంతేనమ్మా నేను చెప్పేది. ఇక లేవండి, మీ పనుల మీదికి పోండి. మీ పొయ్యి మీద ముద్ద వేడిగా, మీ మనుషుల కళ్లల్లో నిద్ర నిండుగా ఉండాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు చిన్నవాళ్ల మాట, చిన్నవాళ్లకు తమ ఈడు జత ఎప్పుడూ దొరకాలి. మీ గడపలోకి వచ్చిన పిల్ల నవ్వితే వీధంతా వినబడాలి. పదికాలాలు చల్లగా ఉండండి తల్లీ.